నెలకు మూడు పుస్తకాలు: మహారాష్ట్ర సరిహద్దు తెలుగువాళ్లు క్వీర్ సాహిత్యం చదివే పద్ధతి

క్వీర్ సాహిత్యం, అంటే గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ మనుషుల కథలు, చదవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు అనేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఒకటే. ఇంగ్లీషు వైపు పరుగెత్తకండి, ముందు మన పక్క భాషలు చూడండి. చంద్రపూర్, బల్లార్షా, రాజురా, సిరొంచ వైపు తెలుగువాళ్లం ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో హిందీ మాట్లాడుతూ పెరుగుతాం. రాజురా అయితే 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. ఈ మూడు భాషల బతుకు మనకు పెద్ద ఆస్తి. క్వీర్ మనుషుల గురించి మరాఠీలో మంచి నవల ఉంది, మంచి నాటకం ఉంది. అనువాదం కోసం ఎదురుచూడకుండా వాటిని మూలంలో చదువుకోగలిగే తెలుగువాళ్లం మనమే.

కింద చెప్పేది నేను ఏళ్లుగా పాటిస్తున్న పద్ధతి. చదువుకు నెలను గడువుగా పెట్టుకోవడం ఇందులో మొదటి సంగతి. వారం గడువు పెట్టుకుంటే ఒక పెళ్లి, ఒక జ్వరం చాలు, అంతా చెదిరిపోతుంది. ఏడాది అని పెట్టుకుంటే డిసెంబర్ దాకా పుస్తకం తెరవం. నెలైతే రెండు వారాలు పోయినా మిగతా రెండు వారాల్లో సర్దుకోవచ్చు.

మొదటి మెట్టు: మీ నెల ఎట్లా గడుస్తుందో రాసుకోండి

ఒక కాగితం మీద నెలలో తీరిక దొరికే రోజులు గుర్తుపెట్టండి. మన దగ్గర బొగ్గు గనుల్లో, పేపర్ మిల్లులో పనిచేసేవాళ్ల ఇళ్లు చాలా ఉన్నాయి. ఫస్ట్ షిఫ్టు వారంలో సాయంత్రం చేతిలో ఉంటుంది, నైట్ షిఫ్టు వారంలో పగటి నిద్రే సరిపోదు. అందుకని నవలను ఫస్ట్ షిఫ్టు వారాలకు, కథలను నైట్ షిఫ్టు వారానికి పెట్టుకోండి. ఇంటిపని చూసుకునేవాళ్లకు మధ్యాహ్నం గిన్నెలు కడిగేశాక పిల్లలు వచ్చేలోపు దొరికే గంటే బంగారం. ఆ గంటలో ఫోన్ పక్కగదిలో పెట్టేయండి.

లెక్క తేలిక. 240 పేజీల నవలను రోజుకు 10 పేజీల చొప్పున చదివితే 24 రోజుల్లో అయిపోతుంది. మిగిలిన రోజుల్లో ఒక కథో, నాటకంలో ఒక అంకమో చదవొచ్చు. 10 పేజీలంటే నింపాదిగా చదివినా అరగంటకు మించదు. మే నెలలో చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, కరెంటు పోతే మెదడు పనిచేయదు. ఆ నెల సన్నటి పుస్తకాలే పెట్టుకోండి. పెద్ద నవలలకు వానాకాలం మంచిది.

రెండో మెట్టు: మూడు పుస్తకాలు ఎంచుకోండి

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. నెలకు ఒక నవల, ఒక చిన్న పుస్తకం (కథలో, నాటకమో), ఒక నిజజీవిత కథ. ఈ మూడూ కలిస్తేనే చదువు ఒకవైపు ఒరిగిపోదు.

నవల సంగతి ముందు. మరాఠీ చదవగలిగితే సచిన్ కుండల్కర్ 'కోబాల్ట్ బ్లూ'తో మొదలుపెట్టండి. 2006లో వచ్చింది, జెర్రీ పింటో ఇంగ్లీషు అనువాదం 2013లో వచ్చింది. పుణెలో ఒక మధ్యతరగతి ఇల్లు. ఆ ఇంట్లోకి ఒక కుర్రాడు కిరాయికి దిగుతాడు. ఆ ఇంటి కొడుకు తనయ్, కూతురు అనుజ, ఇద్దరూ అతన్నే ప్రేమిస్తారు. సగం పుస్తకం తనయ్ చెప్తాడు, సగం అనుజ చెప్తుంది. పెద్ద పుస్తకం కాదు, భాష బరువుగా ఉండదు, పదో తరగతి మరాఠీతో చదివేయొచ్చు. మన ఇళ్లలో కిరాయిదారు అన్నం దగ్గరా, పండగ దగ్గరా ఇంటిమనిషి ఎట్లా అయిపోతాడో తెలిసినవాళ్లకు ఈ నవల ఇంకా బాగా తగుల్తుంది.

చిన్న పుస్తకానికి విజయ్ తెండూల్కర్ 'మిత్రాచీ గోష్ట్'. 1981లో రంగస్థలం ఎక్కిన నాటకం. సుమిత్ర అనే అమ్మాయిని అందరూ మిత్ర అంటారు, ఆమె ఇంకో అమ్మాయిని ప్రేమిస్తుంది. ఆ కథను మనకు చెప్పేవాడు బాపు, మిత్ర మీద తనకూ మనసున్న స్నేహితుడు. మరాఠీ పుస్తకాలు ఎన్నడూ చదవనివాళ్లకు నాటకమే సులువు అంటాను. సంభాషణలు చిన్నవి, వర్ణనలుండవు, బస్సులో వినపడే మరాఠీయే పేజీ మీద ఉంటుంది. తెలుగు మీడియంలో చదివినా హిందీ వల్ల దేవనాగరి లిపి వచ్చి ఉంటే చాలు, గట్టిగా పైకి చదవండి. కంటికి కొత్తగా ఉన్న మాట చెవికి తెలిసిపోతుంది.

కథలంటే ఇష్టమైతే కన్నడ రచయిత వసుధేంద్ర 'మోహనస్వామి' ఉంది. కన్నడలో 2013లో, ఇంగ్లీషులో 2016లో వచ్చింది. మోహనస్వామితో కలిసి బతికిన కార్తీక్ ఒక అమ్మాయితో పెళ్లికి సిద్ధపడటం దగ్గర మొదలవుతుంది. చిన్న ఊరి బాల్యం, ఉద్యోగం, అద్దె ఇల్లు, అమ్మకు చెప్పలేకపోవడం, ఇవన్నీ మనకు పరాయివి కావు. ఈ పుస్తకాన్ని ఒకేసారి చదవకండి. వారానికి రెండు కథలు చాలు. ఒక్కో కథ రెండు రోజులు మనసులో మెదుల్తుంది.

నిజజీవిత కథకు తెలుగులోనే గొప్ప పుస్తకం ఉంది. ఎ. రేవతి రాసుకున్న ఆత్మకథను పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ' పేరుతో తెలుగు చేశారు, ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. కల్పన చదివేవాళ్లకు ఆత్మకథ ఎందుకని అడుగుతారు. ట్రాన్స్ మనుషుల గురించి మన భాషల్లో కల్పన కంటే వాళ్లు తమ నోటితో చెప్పుకున్నదే బలంగా ఉంది. రైల్లో చప్పట్లు కొట్టే మనిషిని రోజూ చూస్తాం. ఆమె పొద్దున్నే ఏ ఇంట్లో లేస్తుంది, గురువుకు ఏం జవాబు చెప్పుకోవాలి, పుట్టింటికి వెళ్తే ఏమవుతుంది, ఇవి ఈ పుస్తకం చదివితే తెలుస్తాయి. దీన్ని చదివాక ఏ నవలలో హిజ్రా పాత్ర ఎదురైనా, రాసినవాళ్లకు ఎంత తెలుసో మీరే పట్టేస్తారు.

మన పురాణాల్లో శిఖండి లేడా, బృహన్నల లేడా అని కొందరు అంటారు. ఉన్నారు, తిక్కన విరాటపర్వం చదవడం ఎప్పుడైనా సంతోషమే. అయితే పురాణ పాత్రకు గది కిరాయి కట్టే పని లేదు, రేషన్ కార్డులో పేరు మార్పించుకునే పని లేదు. ఇవాళ్టి మనిషి కావాలంటే ఇవాళ్టి కథే చదవాలి.

ఎంపికలో ఒక నియమం కచ్చితంగా పెట్టుకోండి: విషాదం పక్కన సంతోషం. పాత క్వీర్ సాహిత్యంలో చావులు, ఆత్మహత్యలు, విడిపోవడాలు ఎక్కువ. 'మిత్రాచీ గోష్ట్' కూడా అట్లానే ముగుస్తుంది. వరసగా అవే చదివితే ఈ మనుషుల రాతే అంత అనిపిస్తుంది, అది అబద్ధం. ముఖ్యంగా చదివేవాళ్లే క్వీర్ అయితే ఆ వరస మనసును కుంగదీస్తుంది. అందుకే తెండూల్కర్ చదివిన నెలలోనో, మర్నెల మొదట్లోనో ఇంగ్లీషు రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ 'మారిస్' పెట్టుకోండి. 1913-14లో రాశాడు, ఇద్దరు మగవాళ్లు చివరికి కలిసి బతకాలని పట్టుబట్టి అట్లాగే ముగించాడు. అప్పుడు ఇంగ్లండులో అది నేరం, 1967లో గానీ చట్టం మారలేదు. పుస్తకం రచయిత పోయాక 1971లో అచ్చయింది. ఆ రోజుల్లో సంతోషంగా ముగించడానికే ఎంతో ధైర్యం కావాలి.

ఇంకో సంగతి. ఎంపికను గే మగవాళ్ల కథల దగ్గరే ఆపేయకండి, దుకాణాల్లో ముందు కనపడేవి అవే. అమృతా పాటిల్ 2008లో బొమ్మల నవలగా తెచ్చిన 'కారి'లో ముంబైలో బతుకుతూ ఇంకో అమ్మాయిని ప్రేమించే అమ్మాయి ఉంది. ఇస్మత్ చుగ్తాయ్ ఉర్దూ కథ 'లిహాఫ్' 1942 నాటిది, దాని మీద లాహోర్ కోర్టులో అశ్లీలం కేసు నడిచి, నిలబడలేదు. ఒక బేగంకు, ఆమె దాసికి మధ్య ఉన్న సంబంధాన్ని ఒక చిన్నపిల్ల కళ్లతో చూస్తాం. ఆ పిల్లకు ఎదురయ్యేది చదవడానికి కష్టంగా ఉంటుంది, అది తెలిసి చదవండి. హిందీ లిపిలో దొరుకుతుంది, ఒక పూట చాలు. శ్రీలంక తమిళ కుర్రాడి కథ 'ఫన్నీ బాయ్' 1994లో శ్యామ్ సెల్వదురై రాసింది. పిల్లాడు చీర కట్టుకుని ఆడే ఆటతో మొదలై 1983లో తమిళుల మీద జరిగిన అల్లర్ల దాకా వెళ్తుంది. ఇంగ్లీషు నవలల్లో మొదట ఏది చదవాలని అడిగితే నా జవాబు ఇదే.

మూడో మెట్టు: పుస్తకం చేతికి తెచ్చుకోవడం

ముందు ఊళ్లో గ్రంథాలయానికి, అంటే వాచనాలయ్‌కు వెళ్లండి. మహారాష్ట్రలో 1967 గ్రంథాలయ చట్టం కింద సర్కారు గ్రాంటుతో నడిచే వాచనాలయ్‌లు తాలూకా ఊళ్లలో కూడా ఉన్నాయి. కాస్త అనామత్ (డిపాజిట్) కట్టి సభ్యత్వం తీసుకుంటే ఇంటికి పుస్తకం ఇస్తారు. అడిగేటప్పుడు విషయం చెప్పి అడగొద్దు, రచయిత పేరుతో అడగండి. "కాకా, తెండుల్కరాంచీ నాటకం కుఠే ఆహేత్?" (తెండూల్కర్ నాటకాలు ఎక్కడున్నాయి?) అంటే ఎవరూ తల ఎత్తి చూడరు, ఆయన మరాఠీకి అంత పెద్ద పేరు. ఆ వరస మొత్తం తిరగేస్తే కావలసిన నాటకం దొరుకుతుంది. దొరక్కపోతే కొత్త పుస్తకాల కోసం సభ్యుల దగ్గర సూచనలు తీసుకుంటారేమో అడగండి. తీసుకుంటే మీ సూచన రాసి ఇవ్వండి.

తెలుగు పుస్తకాలకు హైదరాబాదే దిక్కు. బల్లార్షాలో రైలెక్కితే సికింద్రాబాద్ చేరతాం, ఆదివారం పడేట్టు చూసుకుంటే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేయొచ్చు. మరాఠీకి నాగపూర్ పోవచ్చు. అఖిల భారతీయ మరాఠీ సాహిత్య సమ్మేళన్ దగ్గర్లో జరిగిన ఏడాది అస్సలు వదలొద్దు. 2012లో చంద్రపూర్‌లోనే, 2023లో వార్ధాలో జరిగింది. పుస్తకాల స్టాళ్ల కోసమైనా వెళ్లాలి. ఇవేవీ కుదరకపోతే ఆన్‌లైన్ ఆర్డర్లు, ఈబుక్‌లు ఎట్లాగూ ఉన్నాయి.

నాలుగో మెట్టు: ఇంట్లో చదువుకునే వీలు చేసుకోవడం

ఉమ్మడి కుటుంబంలో ఉండేవాళ్లకు ఇది అన్నిటికంటే పెద్ద ప్రశ్న, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ముందు చట్టం సంగతి తెలుసుకుని గుండె దిటవు చేసుకోండి. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, వయసొచ్చిన ఇద్దరు ఇష్టపడి ఏకాంతంలో కలవడం సెక్షన్ 377 కింద నేరం కాదని తీర్పు చెప్పింది. ఈ పుస్తకాలు పేరున్న ప్రచురణకర్తలు అచ్చేసి బాహాటంగా అమ్ముతున్నవి. మీ చేతిలో ఉన్నది మామూలు నవల.

అయినా అందరి ఇల్లూ ఒకటి కాదు. ఈబుక్ చదివేవాళ్లు ఇంటిల్లిపాదీ వాడే ఖాతాలో కొనకండి. కొన్న పుస్తకం ఆ ఖాతాతో తెరిచిన ఇంకో ఫోన్‌లోనూ కనపడుతుంది, తర్వాత అట్లాంటివే చూపిస్తుంటుంది. వేరే మెయిల్‌తో సొంత ఖాతా తెరవండి. అచ్చు పుస్తకానికి పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేయండి, బడి పుస్తకాలకు వేసినట్టే. పార్శిల్ ఇంటికి రావడం ఇష్టం లేకపోతే పనిచేసే చోటికి తెప్పించుకోండి.

ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక మాట సిద్ధంగా పెట్టుకోండి. అది అబద్ధం కానక్కర్లేదు.

"ఏం సదువుతున్నవ్ బిడ్డా, గంట నుంచి తల ఎత్తుతలేవు?"

"మరాఠీ నవల పెద్దమ్మా. పుణెల ఒక ఇంట్ల తోబుట్టువుల కథ."

'కోబాల్ట్ బ్లూ'కు ఇంతకంటే సరైన పరిచయం ఏముంటుంది? పెద్దమ్మ ఇంకా అడిగితే, మీకు చెప్పాలనిపిస్తే చెప్పండి. చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. ఈ పుస్తకాలు చదువుతున్నంత మాత్రాన మీ గురించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

అయిదో మెట్టు: చదివే తీరు

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. 'కోబాల్ట్ బ్లూ' చదివేటప్పుడు నేను చేసే పని చెప్తాను. ఎడమ పేజీ తనయ్‌ది, కుడి పేజీ అనుజది. తనయ్ ఆ కుర్రాడి గురించి ఏం చెప్పాడో చదువుతూ ఎడమవైపు రాస్తాను: అతని గది ఎట్లా ఉంది, ఎక్కడికి తిప్పాడు, ఏ మాట అన్నాడు. కుడివైపు ఖాళీ. నవల సగం దాటాక అనుజ తన డైరీలో చెప్పడం మొదలుపెడుతుంది, అప్పుడు కుడి పేజీ నిండుతుంది. కొన్ని వరసలకు ఎదురుగా జవాబు వస్తుంది, కొన్నిటికి ఎన్నటికీ రాదు. ఆ ఖాళీలు చూసినప్పుడే తెలిసింది నాకు, ఇద్దరూ ప్రేమించిన మనిషి ఇద్దరికీ పూర్తిగా దొరకలేదని. అతనికి నవలలో పేరే లేదు. తనయ్ అతన్ని 'నువ్వు' అని పిలుస్తూ మాట్లాడుతాడు. ఇంట్లో ఎవరితోనూ అనలేని మాటల్ని వెళ్లిపోయిన మనిషితో చెప్పుకోవడం అది. ఆ సగాన్ని రాత్రిపూట, ఇల్లు సద్దుమణిగాక చదవండి.

మరాఠీ, ఇంగ్లీషు రెండు ప్రతులూ దొరికితే ముందు మరాఠీలో ఒక భాగం, మర్నాడు అదే ఇంగ్లీషులో చదవండి. మరాఠీ పట్టు పెరగడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

ఏ క్వీర్ పుస్తకం చదివినా నోటుపుస్తకంలో కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఈ పాత్రకు మామూలు రోజు ఒకటైనా ఉందా? కూరగాయలు కొనడం, జీతం కోసం చూడటం, దోస్తుతో నవ్వుకోవడం ఉన్నాయా, లేక బాధపడటానికే పుట్టించారా? కథ ఎవరి కళ్లతో చూస్తున్నాం? మిత్ర కథను మిత్ర చెప్పట్లేదు, బాపు చెప్తున్నాడు. బాపుకు తెలియని మిత్ర ఎంత ఉందో ఆలోచిస్తే ఆ నాటకం రెట్టింపు అవుతుంది. కుటుంబం కథలో కేవలం అడ్డంకేనా, వాళ్లకూ మనసుందా? 'మోహనస్వామి'ని ఈ చివరి ప్రశ్నతో మళ్లీ చదివి చూడండి.

ఆరో మెట్టు: ఆపేయడం

50 పేజీలు చదివినా పట్టకపోతే పక్కన పెట్టేయండి. గొప్ప పుస్తకమని లోకం అన్నా సరే. చదువుతుంటే ఊపిరాడనట్టు, నిద్ర పట్టనట్టు అయితే వెంటనే మూసేయండి, ఎవరో ఒకరితో మాట్లాడండి. పుస్తకం ఎక్కడికీ పోదు.

ఏడో మెట్టు: నెలాఖరు

నెల చివరి ఆదివారం ఒక్క పేజీ రాయండి. కథాసారం వద్దు, అది అట్ట వెనక ఉంది. ఏ వాక్యం దగ్గర ఆగారు, ఎవరి మీద కోపం వచ్చింది, ఎవరికి ఇవ్వాలనిపించింది, ఇవి రాయండి. తారీకు వేయండి. ఏడాది తర్వాత ఆ పేజీలు వరసగా చూస్తే మీ అభిరుచి ఎటు నడిచిందో తెలుస్తుంది, వచ్చే ఏడాది ఎంపిక సులువవుతుంది.

కలిసి చదివే ఒక్క మనిషి దొరికితే అదృష్టం. పదిమంది గుంపు అక్కర్లేదు. నేను ఒక అక్కతో కలిసి చదువుతాను, ఆమె సిరొంచలో ఉంటుంది, ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకుంటాం. "అక్కా, బాపు మంచోడేనంటవా?" అని మొదలుపెడితే అరగంట గడిచిపోతుంది. మాట్లాడేటప్పుడు ఒక మర్యాద పాటించాలి. ఈ పుస్తకం నీకెందుకు నచ్చింది, నువ్వూ అంతేనా అని ఎదుటివాళ్లను ఎన్నడూ అడగొద్దు. వాళ్లంతట వాళ్లు చెప్తే విని, మీ దగ్గరే ఉంచుకోండి. మూడోవాళ్లకు చేరకూడదు.

మొదటి మూడు నెలలకు నా సూచన

వానలు మొదలయ్యే జూన్‌లో ఆరంభించండి. జూన్‌లో 'కోబాల్ట్ బ్లూ', 'లిహాఫ్' చాలు, రెండూ కలిపినా బరువు కాదు. జూలైలో 'ఒక హిజ్రా ఆత్మకథ', దాంతోపాటు 'మిత్రాచీ గోష్ట్', ఈ రెంటి తర్వాత ఊరట కోసం 'మారిస్'. ఆగస్టులో 'మోహనస్వామి' నెలంతా వారానికి రెండు కథల లెక్కన, మధ్యలో 'కారి'. సెప్టెంబర్ నుంచి 'ఫన్నీ బాయ్' పట్టుకోండి, అప్పటికి మీ జాబితా మీరే వేసుకోగలుగుతారు.

అక్టోబర్ వచ్చేసరికి దివాళీ అంక్‌ల సంగతి మర్చిపోవద్దు. 1909లో 'మనోరంజన్' పత్రికతో మొదలైన ఆచారం ఇది, దీపావళికి మరాఠీ పత్రికలు కథలతో నిండిన ప్రత్యేక సంచికలు తెస్తాయి. మన వస్తువు మీద కొత్త కథ వచ్చిందేమో చూడటానికి ఇంతకంటే మంచి చోటు లేదు. విషయసూచికలో పేర్లు చూసి వదిలేయకండి, మొదటి రెండు పేరాలు చదివితేనే తెలుస్తుంది. చాలా వాచనాలయ్‌లు వీటిని సభ్యుల మధ్య తిప్పుతాయి. దానికి పేరు పండక్కి ముందే రాయించుకోండి, తర్వాత వెళ్తే మీ వంతు వచ్చేసరికి సంక్రాంతి అవుతుంది.